సందేహాలు – సమాధానాలు: బలం పనిచేస్తున్నా పని జరగలేదా?

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఈ ఏడాది బి.ఎస్‌సి.లో చేరాను. మొదటి సెమిస్టర్‌లోనే క్లాసికల్ మెకానిక్స్ మొదలైంది. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, సార్ వివరించేది తెలుగులో. నా నోట్సు రెండూ కలిసిపోయి ఉంది. దీన్ని 'సంప్రదాయ యాంత్రిక శాస్త్రం' అనాలా, 'సాంప్రదాయ' అనాలా? వడి, వేగం మామూలుగా ఒకటే కదా, పుస్తకంలో వేరుగా ఎందుకు చెప్తారు? ఫోర్స్, ఎనర్జీ, పవర్ మూడింటినీ మా ఇంట్లో శక్తి అనే అంటారు, అది తప్పా? ఇంగ్లీషు మాటలకు తెలుగు విభక్తులు ఎలా చేర్చాలి? ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మొదటిది తేలికగా తేలిపోయే సందేహం. నిఘంటువుల్లో ఉన్న నామవాచకం 'సంప్రదాయం'. 'దానికి సంబంధించిన' అనే అర్థంలో చివర 'ఇక' చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి, అంటే 'అ' కాస్తా 'ఆ' అయి, 'సాంప్రదాయికం' అవుతుంది. సమాజం నుంచి సామాజికం, యంత్రం నుంచి యాంత్రికం వచ్చిన పద్ధతే ఇది. చివర 'ఇక' లేకుండా మొదట్లో దీర్ఘం మాత్రం పెట్టి 'సాంప్రదాయం' అనడం వాడుకలో బాగా పాకిపోయింది. మీరు మాత్రం 'సంప్రదాయ యాంత్రిక శాస్త్రం' అని రాయండి, లేదా 'సాంప్రదాయిక' అనండి. ముందు ముందు కోణీయ ద్రవ్యవేగం, రేఖీయ ద్రవ్యవేగం అనే మాటలు వస్తాయి (ద్రవ్యవేగం అంటే మొమెంటం). వాటిలో చేరింది 'ఈయ', జాతీయంలో ఉన్నదే. అక్కడ మొదటి అచ్చు మారదు.

అయితే ఆ పేరు చూసి ఇదేదో పాతబడిన శాస్త్రం అనుకోవద్దు. న్యూటన్ 1687లో తన చలన నియమాల గ్రంథం ప్రిన్సిపియా అచ్చువేసినప్పుడు తన శాస్త్రాన్ని ఎవరూ సంప్రదాయం అనలేదు. 20వ శతాబ్దంలో సాపేక్షత, క్వాంటం సిద్ధాంతాలు వచ్చాక, వాటి నుంచి విడిగా చెప్పడానికి ముందునుంచీ ఉన్నదానికి ఈ విశేషణం తగిలించారు. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే లెక్కలకు ఇవాళ్టికీ ఇదే ఆధారం. 'యాంత్రికం' అన్నది ఇంకో చిక్కు. వాడుకలో 'యాంత్రికంగా' అంటే మనసు పెట్టకుండా అని. మెకానిక్స్ లెక్కల్ని అలాగే చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ నేరం మాత్రం మాటది కాదు.

ఇక వడి, వేగం. మన నోట్లో ఇవి రెండూ ఒకటే అన్నది నిజం. వడి అచ్చతెలుగు, వేగం సంస్కృతం. సుమతి పద్యంలో వడిగల యెద్దులు, మన మాటల్లో వడివడిగా నడవడం, వేగంగా పోయే బస్సు, వీటిలో ఎక్కడా దిక్కు ప్రసక్తి లేదు. ఇంగ్లీషులోనూ ఇదే సంగతి. స్పీడ్ వాళ్ల సొంత మాట, వెలాసిటీ లాటిన్ నుంచి తెచ్చుకున్నది, మామూలు మాటల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. శాస్త్రానికి రెండు వేర్వేరు భావాలు అవసరమయ్యాయి కాబట్టి ఇంట్లో ఉన్న జంట పర్యాయపదాలను విడదీసి చెరో పని అప్పగించారు. మన పాఠ్యపుస్తకాలు కూడా అదే చేశాయి. ఎంత జోరు అన్నది మాత్రమే చెబితే వడి, ఏ దిశలో అన్నది కూడా చెబితే వేగం.

ఈ విభజన ఉత్త మాటల పంతం కాదని లెక్కలో పెడితే తెలుస్తుంది. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక చుట్టు 80 సెకన్లలో పరుగెత్తి, బయల్దేరిన గీత దగ్గరికే వచ్చారనుకోండి. మీ సగటు వడి సెకనుకు 5 మీటర్లు. సగటు వేగం సున్న. ఒళ్లంతా చెమట పట్టినా సున్నే, ఎందుకంటే మొదలు పెట్టిన చోటుకూ ఆగిన చోటుకూ మధ్య స్థానభ్రంశం (డిస్‌ప్లేస్‌మెంట్) లేదు. (పత్రికల్లో బదిలీ అయిన అధికారికి కలిగేది స్థానచలనం, మీ పుస్తకంలో కణానికి కలిగేది స్థానభ్రంశం. పరీక్షలో ఒకదాని బదులు ఇంకొకటి రాయకండి.) అందుకని తెలుగులో వివరించేటప్పుడు 'వేగం గంటకు 60 కిలోమీటర్లు' అని వదిలేయకుండా 'తూర్పు దిశగా' అని చేర్చే అలవాటు చేసుకోండి. దిశ చెప్పనక్కర్లేదనిపిస్తే ఆ వాక్యంలో ఉండాల్సింది వడి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మన ప్రాచీన తత్వశాఖల్లో ఒకటైన వైశేషిక దర్శనంలో వేగం అనేది ఒక పారిభాషిక పదం. సంస్కారం అనే గుణంలో మూడు రకాలు చెప్పారు: వేగం, భావన, స్థితిస్థాపకం. ఆ దర్శనానికి భాష్యం రాసిన ప్రశస్తపాదుడు వేగాన్ని నిర్వచిస్తూ, ఒక నియతమైన దిక్కులో వరుసగా సాగే క్రియలకు కారణమైనది అన్నాడు. దిక్కు అన్న మాట ఆ నిర్వచనంలోనే ఉంది! ఇప్పటి పరిభాష కూర్చినవాళ్లు దాన్ని చూసే వేగాన్ని ఇలా వాడారని నేననడం లేదు. వైశేషికుల వేగానికి కొలత లేదు, సమీకరణం లేదు, అది ఇవాళ్టి వెలాసిటీ కాదు. న్యూటన్ కంటే ముందే మనవాళ్లు అంతా చెప్పేశారని ఎవరైనా అంటే నమ్మొద్దు కూడా. కానీ గురుత్వం, స్థితిస్థాపకత, ద్రవ్యం వంటి మాటలు మీ పుస్తకంలోకి ఊడిపడలేదు. తర్కం చదువుకున్నవాళ్ల నాలుక మీద అవి ఎప్పటినుంచో ఉన్నాయి. పాత మాటలకు కొత్త కొలత వచ్చింది, అంతే.

అసలు చిక్కు మీ మూడో సందేహంలో ఉంది. దాని మీదే ఎక్కువసేపు ఆగుతాను.

పరిభాషలో ఫోర్స్‌ను బలం అనీ, ఎనర్జీని శక్తి అనీ, పవర్‌ను సామర్థ్యం అనీ అంటారు. అయినా మీ ఇంట్లోవాళ్లు అన్నింటినీ శక్తి అనడం తప్పు కాదు. 'వాడికి బలం లేదు', 'వాడికి శక్తి లేదు', 'వాడికి సామర్థ్యం లేదు' అనే మూడు వాక్యాలూ వాడుకలో దగ్గర దగ్గరగానే ఉంటాయి. మహామహులే ఇక్కడ తడబడ్డారు. ఇవాళ మనం శక్తి నిత్యత్వ నియమం అంటున్నదాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1847లో ప్రకటించినప్పుడు శీర్షికలో వాడిన జర్మన్ మాట 'క్రాఫ్ట్', అంటే బలం. అంతకు ముందు లైబ్నిట్జ్ 'జీవబలం' అన్నది కూడా మన గతిజ శక్తికి, అంటే కదలిక వల్ల వచ్చే శక్తికి, దగ్గరి చుట్టమే. ఎనర్జీ అనే మాటను థామస్ యంగ్ 1807లో ఈ అర్థంలో వాడినా, అది స్థిరపడటానికి చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి బలం, శక్తి కలిసిపోతున్నాయని మీరు సిగ్గుపడక్కర్లేదు.

విడదీసుకోవడానికి తెలుగు వ్యాకరణమే ఒక దారి చూపిస్తుంది. విభక్తిని గమనించండి. బలం ఒక వస్తువు 'మీద' ఉంటుంది, ఇంకో వస్తువు 'వల్ల' వస్తుంది. శక్తి వస్తువు'కు' ఉంటుంది. 'బంతి మీద భూమి ప్రయోగించే బలం' సరైన వాక్యం. 'బంతికి గతిజ శక్తి ఉంది' కూడా సరైనదే. 'బంతికి బలం ఉంది' అని రాశారంటే కలం ఆపండి. 'బంతిలో ఉన్న బలం అయిపోయింది, అందుకే ఆగిపోయింది' అన్నది మొదటి సెమిస్టర్‌లో చాలామంది రాసే వాక్యం. వినడానికి ఎంత చక్కటి తెలుగో! న్యూటన్ మొదటి నియమం ప్రకారం మాత్రం అది తప్పు. బలం అయిపోయి బంతి ఆగలేదు. నేల మీది ఘర్షణ బలం పనిచేసింది కాబట్టి ఆగింది. బంతి'కి' ఉన్నది ద్రవ్యవేగం, గతిజ శక్తి.

పై వాక్యంలో 'పనిచేసింది' అన్నాను చూడండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు పొంచి ఉన్న గుంట అదే. ఒక బలం ఉనికిలో ఉందని చెప్పడానికి మనం 'వస్తువుపై పనిచేసే బలం' అంటాం. భౌతిక శాస్త్రంలో 'పని' వేరే రాశి: బలాన్ని, ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశంతో గుణిస్తే వచ్చేది. గోడను పది నిమిషాలు నెట్టారు, గోడ కదల్లేదు. బలం పనిచేసింది, పని మాత్రం సున్న! ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు క్రియలున్నాయి, మనకు ఒక్కటే ఉంది. నా సలహా ఏమిటంటే నోట్సులో 'పనిచేసే బలం' అనడం మానేసి 'వస్తువు మీద ఉన్న బలం' అనో 'ప్రయోగించిన బలం' అనో రాయండి. 'పని' అన్న మాటను జౌళ్లలో కొలిచే రాశికే ఉంచేయండి.

సామర్థ్యం సంగతి ఇంకా గందరగోళం. పరిభాషలో అది పవర్‌కు సమానం, అంటే సెకనుకు ఎంత పని జరుగుతుందన్నది. పత్రికల్లో మాత్రం జలాశయంలో ఎన్ని నీళ్లు పడతాయన్నది కూడా సామర్థ్యమే. పైగా హార్స్‌పవర్‌ను మనం 'అశ్వశక్తి' అని అనువదించుకున్నాం. పరిభాష లెక్కన అది 'అశ్వసామర్థ్యం' కావాలి. అశ్వశక్తి అందరి నోళ్లలో నానిపోయింది కాబట్టి దాన్ని ఇప్పుడు దిద్దబోవడం వృథా. కొలత గుర్తుంటే చాలు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. పొలంలో 5 హెచ్‌పీ మోటారు మీద రాసి ఉన్నది సామర్థ్యం, 3,730 వాట్లు. అది గంటసేపు తిరిగితే అయ్యేది శక్తి, నష్టాలు పక్కన పెడితే దాదాపు 3.7 యూనిట్లు. ఒక్కో యూనిట్ 36 లక్షల జౌళ్లు. వ్యవసాయ కరెంటుకు బిల్లు రాకపోవచ్చు, ఇంటి బిల్లు తీసి చూడండి. మనం డబ్బు కట్టేది ప్రధానంగా వాడిన శక్తికి. సామర్థ్యం మోటారు మీది రేకు మీద ఉంటుంది, శక్తి బిల్లులో ఉంటుంది. సామర్థ్యంలో 'ర' కింద ఒత్తు 'థ' అని కూడా గుర్తుంచుకోండి. సమర్థ నుంచి వచ్చిన మాట అది. 'సామర్ధ్యం' అన్న అచ్చుతప్పు చాలాచోట్ల కనిపిస్తుంది.

మీరు అడగలేదు గానీ, మూడో నియమం దగ్గర తెలుగువాళ్లకు తప్పక ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. 'ప్రతి చర్యకు సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది' అని కదా వాక్యం. మొదటి 'ప్రతి' వేరే మాట, 'ఒక్కో' అని అర్థం. రెండోది ఉపసర్గ, 'ఎదురు' అని అర్థం. మధ్యలో ఖాళీ వదలకపోతే 'ప్రతిచర్యకు ప్రతిచర్య' అయిపోయి నియమం నవ్వులపాలవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు అర్థంలో ఉంది. రాజకీయ వార్తల్లో ప్రతిచర్య అంటే ముందు వాళ్లేదో చేస్తే తర్వాత వీళ్లు బదులు తీర్చుకోవడం. భౌతిక శాస్త్రంలో ముందూ వెనకా లేదు, రెండు బలాలూ ఒకేసారి ఉంటాయి. పైగా అవి రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. బల్ల మీద పుస్తకాన్ని భూమి కిందికి లాగుతుంటే, దానికి ప్రతిచర్య బల్ల పైకి నెట్టడం కాదు. పుస్తకం భూమిని పైకి లాగడం ప్రతిచర్య. ఇక్కడా 'మీద'ను వాడండి: 'పుస్తకం మీద భూమి బలం, భూమి మీద పుస్తకం బలం'. పేర్లు తారుమారు చేస్తే జంట కుదరాలి. కుదరకపోతే మీరు పట్టుకున్నది వేరే జంట.

చివరిది, ఇంగ్లీషు మాటలకు తెలుగు విభక్తులు. సార్ 'బాడీ మీద ఫోర్స్ అప్లై చేస్తే' అన్నారని మీకు అభ్యంతరం ఉండనక్కర్లేదు. ఆ వాక్యంలో వ్యాకరణమంతా తెలుగే. హల్లుతో ముగిసే మాటలకు ఉకారం చేరి ఫోర్సు, ఫోర్సును, ఫోర్సులు అవుతాయి. జౌల్, 'జౌలు' అయి బహువచనంలో జౌళ్లు అవుతుంది, మైలు మైళ్లు, రైలు రైళ్లు అయినట్టే. వెలాసిటీ, గ్రావిటీ వంటివి దీర్ఘాంతాలు కాబట్టి వెలాసిటీని, వెలాసిటీలు. మొమెంటం మాత్రం సున్నతో ముగుస్తుంది. అందుకని అది నేరుగా మన పుస్తకం, వృక్షం వరుసలో కూర్చుంటుంది. స్టేడియం స్టేడియాన్ని, మ్యూజియం మ్యూజియాలు అయినట్టు మొమెంటాన్ని, మొమెంటానికి, రెండు మొమెంటాలు అని నిస్సంకోచంగా రాసుకోవచ్చు. 'మొమెంటమ్‌ను' అన్నా తప్పు లేదు. ఒకే పేజీలో రెండు రూపాలూ కలపకండి.