ఓడలో పెద్ద గది కావాలా, వేరే గది కావాలా?

చెన్నై పెరంబూరు నుంచి 46 ఏళ్ల సోదరి ఒకరు రాశారు. అమ్మాయి ప్లస్ టూ పరీక్షలు రాసింది, జూలైలో కోయంబత్తూరు కాలేజీ హాస్టలుకు వెళ్లిపోతుంది. ఆలోగా అందరూ కలిసి ఒక ప్రయాణం చేయాలనుకున్నారు. మే నెలాఖరులో విమానంలో సింగపూరు వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి, మలేసియాలోని పెనాంగు, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసుకుని నాలుగు రాత్రుల తర్వాత మళ్లీ సింగపూరులో దిగుతారు. మోకాళ్ల నొప్పులతో చేతికర్ర పట్టుకుని నడిచే 72 ఏళ్ల అత్తగారు కూడా వస్తున్నారు. ఏజెంటు చెప్పిన లెక్క ప్రకారం నలుగురూ ఒకే లోపలి గదిలో ఉంటే 1,50,000 రూపాయలు, బాల్కనీ ఉన్న పెద్ద గదిలో ఉంటే 2,10,000 రూపాయలు అవుతుంది. "గది పడుకోవడానికేగా" అని భర్త అంటారు. ఈమెకు పెద్ద గది కావాలి. డబ్బు ఈమె పాడి ఎత్తుకున్న చీటీది కావడంతో ఆయన చివరికి "నీ డబ్బు, నీ ఇష్టం" అనేసి ఊరుకున్నారు. మూడు వారాలుగా ఇంట్లో అవసరానికి మించి మాటలు లేవు. "పదకొండేళ్లుగా పడకగది అత్తగారికీ అమ్మాయికీ ఇచ్చి మేము హాల్లో చాప పరుచుకుంటున్నాం. ఓడలోనైనా నాకు కాస్త చోటు ఉండకూడదా? నేను అడిగింది తప్పా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీరు అడిగింది తప్పు కాదు. ఆ మాట ముందే చెప్పి తక్కిన విషయంలోకి వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే మీరు ఈ మూడు వారాలూ మీ కోరికను సమర్థించుకోవడానికే కారణాలు వెతుక్కుంటున్నట్టు అనిపించింది. గాలి వస్తుందని, అత్తగారికి సముద్రం కనిపిస్తుందని, బెంగళూరులో ఉండే మీ ఆడపడుచు కిందటేడు బాల్కనీ గదే తీసుకుందని రాశారు. వీటిలో ఏదీ మీ అసలు కారణం కాదని నాకు తోస్తోంది. ఉత్తరం చివర, దాదాపు దాచిపెట్టినట్టుగా రాసిన హాలు సంగతే అసలు కారణం. పదకొండేళ్లుగా భార్యాభర్తలిద్దరికీ తలుపు వేసుకునే గది లేదు. మీరు కోరుకుంటున్నది ఆ తలుపునే అయితే, 60,000 రూపాయలు ఎక్కువ పెట్టి మీరు తీసుకోబోయే బాల్కనీ గదిలో అది దొరకదు. ఆ గదిలో కూడా నలుగురూ కలిసే పడుకోవాలి.

ఓడ గదుల సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. చాలా ఓడల్లో కిటికీ లేని లోపలి గది సుమారు 150 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుంది, అంటే మన ఊళ్లో పది అడుగులకు పదహారు అడుగుల గది అనుకోండి, అందులోనే స్నానాల గది, బీరువా, అద్దం బల్ల అన్నీ ఇమడాలి. బాల్కనీ గది అంతకంటే ఎంతో పెద్దదని ప్రకటనల్లోని ఫొటోలు చూసి అనుకుంటాం గానీ, లోపలి నేల చాలా ఓడల్లో ఇరవై, ముప్పై చదరపు అడుగులే ఎక్కువ ఉంటుంది, తక్కిన తేడా అంతా తలుపు అవతల రెండు కుర్చీలు పట్టే బాల్కనీలోనే ఉంటుంది. ప్రకటనలో చెప్పే మొత్తం విస్తీర్ణంలో చాలాసార్లు ఆ బాల్కనీని కూడా కలిపి చెబుతారు. నలుగురు పడుకునే గదిలో సాధారణంగా కింద రెండు పడకలు, పైన గోడలోంచో పైకప్పులోంచో దించే రెండు పడకలు ఉంటాయి, వాటికి నిచ్చెన ఎక్కాలి. రాత్రి అవి దించాక లోపల నడవడానికి మిగిలే దారి ఏ గదిలోనైనా ఇంచుమించు ఒకటే. మీ అత్తగారు పైకి ఎక్కలేరు, కాబట్టి మీరూ అత్తగారూ కింద, మీ వారూ అమ్మాయీ పైన పడుకోవలసి వస్తుంది. పెరంబూరు ఇంట్లో మీకు కనీసం హాలు అయినా వేరుగా ఉంది.

ఇప్పుడు మీరు పంపిన లెక్కనే ఇంకో రకంగా చూద్దాం. లోపలి గదిలో మొదటి ఇద్దరికి తలా 45,000, మూడో మనిషికీ నాలుగో మనిషికీ తలా 30,000 అని రాశారు. ఓడల ధరలు సాధారణంగా గదికి ఇద్దరు అన్న లెక్క మీదే కడతారు, అందుకే పై పడకలకు తగ్గింపు వస్తుంది. ఆ తగ్గింపు వదులుకుని నలుగురికీ తలా 45,000 కడితే 1,80,000 అవుతుంది, రెండు లోపలి గదులు వస్తాయి. ఒకే లోపలి గదికంటే 30,000 ఎక్కువ, మీరు అడుగుతున్న బాల్కనీ గదికంటే 30,000 తక్కువ. నేల రెట్టింపు అవుతుంది, నిచ్చెనలు ఉండవు, స్నానాల గదులు రెండు వస్తాయి, తలుపులు రెండు వస్తాయి. ఏజెంటు ఈ లెక్క మీకు చెప్పకపోవడానికి కారణం ఏమైనా కావచ్చు, మీరు అడగలేదు కాబట్టి చెప్పి ఉండకపోవచ్చు. రేపు ఫోన్ చేసి అడగండి, ఆ రోజు ధర ఏదో అదే నిజమైన ధర.

బాల్కనీని నేను తక్కువ చేయడం లేదు. ఏడెనిమిది రోజుల ప్రయాణంలో, ఓడ నార్వే కొండల మధ్యనో అలాస్కా మంచు పక్కనో మెల్లగా సాగుతున్నప్పుడు, గదిలోంచే అది చూడగలగడం డబ్బు పెట్టదగిన సుఖమే. మీ ప్రయాణంలో రెండు పగళ్లు పెనాంగు, ఫుకెట్ రేవుల్లో గడిచిపోతాయి, పూర్తిగా సముద్రం మీద ఉండే పగలు దాదాపు ఒక్కటే. సముద్రం చూడాలంటే పై అంతస్తుల్లోని తెరిచిన డెక్కులు ప్రయాణికులందరివీ, వాటికి వేరే రుసుము లేదు. సింగపూరు గడియారం ప్రకారం సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో అవుతుంది కాబట్టి, మన ఇళ్లలో లేచే వేళకు లేచి, కాఫీ తాగి తీరిగ్గా పైకి వెళ్లినా మీకు అది అందుతుంది.

ఓడ ఊగితే కడుపులో తిప్పుతుందనీ బాల్కనీలో కూర్చుంటే తగ్గుతుందనీ కూడా రాశారు. దూరాన ఆకాశం, నీరు కలిసే గీతను చూస్తుంటే కొంత ఉపశమనం ఉంటుందన్నది నిజమే. అయితే ఊపు తక్కువ తెలిసేది ఓడ పొడవులో మధ్యభాగాన, కింది అంతస్తుల్లో. గది ఎక్కడ ఉందన్నది చూడాలి గానీ ఎంత పెద్దదన్నది దీనికి సంబంధం లేదు. పైగా మీరు వెళ్లే మలక్కా జలసంధికి ఒకవైపు సుమత్రా ద్వీపం గోడలా అడ్డుండటం వల్ల అక్కడ అలలు మామూలుగా పెద్దవి కావు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా తెల్లవారుజామున ఉన్నట్టుండి వచ్చి పోయే గాలివానలు ఉంటాయి, అవి ఎక్కువసేపు నిలవవు. వాంతుల మాత్రలు తీసుకెళ్లదలిస్తే అత్తగారు ఇప్పటికే వాడుతున్న మందులతో కలిపి వేసుకోవచ్చో లేదో మీ వైద్యుణ్ణి అడిగే తీసుకెళ్లండి. ఆ మాత్రల్లో కొన్ని మగతనిస్తాయి, చేతికర్రతో నడిచే మనిషికి మగత ప్రమాదం.

అత్తగారి గురించే ఇంకొంత చెప్పాలి. ఓడ గదుల్లో చాలాచోట్ల స్నానాల గది గుమ్మం కొద్దిగా ఎత్తుగా ఉంటుంది, లోపల షవరు చోటు మనిషి తిరగడానికి సరిపోయేంతే ఉంటుంది. రాత్రి మూడుసార్లు లేస్తారని రాశారు కదా, లోపలి గదిలో దీపాలార్పితే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. కొత్తచోట, నిద్రమత్తులో, ఆ గుమ్మం దగ్గర కాలు తట్టుకుంటే ప్రయాణం అంతటితో ఆసుపత్రి పాలవుతుంది. అందుకని ఈ ఒక్క విషయంలో డబ్బు ఎక్కువైనా వెనకాడకండి. నడవలేనివారి కోసం గుమ్మం లేకుండా, పట్టుకోవడానికి కమ్మీలు, షవరు కింద కూర్చునే పీట ఉన్న వెడల్పాటి గదులు ప్రతి పెద్ద ఓడలోనూ కొన్ని ఉంటాయి. వాటిని ముందుగా అడిగి, ఆరోగ్య వివరాలు రాసిచ్చి తీసుకోవాలి, ఆలస్యమైతే మిగలవు. అది దొరకకపోతే అత్తగారి గది వరకు కిటికీ గది తీసుకోవడం మంచిది, లిఫ్టుకు దగ్గరగా, అయితే సరిగ్గా దాని ఎదురుగా కాకుండా చూసుకోండి. పెద్ద ఓడ పొడవు 300 మీటర్లు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్న ఆమెకు గదిలో పది అడుగులు పెరగడంకంటే భోజనశాలకు వంద అడుగులు తగ్గడమే పెద్ద మేలు. కిటికీ గది అన్నప్పుడు దాని ముందు ప్రాణరక్షక పడవలు వేలాడుతున్నాయో లేదో కూడా అడగండి. అవి అడ్డుంటే వెలుతురు వస్తుంది గానీ సముద్రం కనిపించదు, ధర మాత్రం కొంత తక్కువ ఉంటుంది.

గదులు తీసుకునేటప్పుడు రెండు గదుల మధ్య లోపలి తలుపు ఉండే జంట గదులు అడగండి. అవి కొద్దిగానే ఉంటాయి. దొరికితే నాయనమ్మా మనవరాలూ ఒక గదిలో, మీరిద్దరూ ఇంకో గదిలో, అవసరమైతే ఆ తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే మూసి ఉంటుంది. గది రకం మాత్రమే ఖాయం చేసి, గది నంబరు ఓడ వాళ్ల ఇష్టానికి వదిలే చవక టికెట్లు కొన్ని ఉంటాయి, మీవంటి వారికి అవి పనికిరావు, ఒక గది ఐదో అంతస్తులో, ఒకటి పదో అంతస్తులో ఇచ్చినా మీరు ఏమీ అనలేరు. నాయనమ్మ గదిలో రెండు పడకలూ విడివిడిగా వేయమని ముందే రాయించండి.

అమ్మాయిని ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఉత్తరాన్ని బట్టి అర్థమైంది. రాత్రిపూట నాయనమ్మకు తోడు లేవవలసింది ఆ పిల్లే కాబట్టి, అడక్కుండా ఆమె మీద ఆ బాధ్యత పెట్టకండి. ఇంట్లో పదకొండేళ్లుగా ఒకే గదిలో పడుకున్నవాళ్లు గనుక ఆమెకు అది కష్టంగా తోచకపోవచ్చు. అయినా, నాలుగు రాత్రుల్లో ఒక రాత్రి మీరు అత్తగారి దగ్గర పడుకుని అమ్మాయిని వాళ్ల నాన్నతో అర్ధరాత్రి దాకా డెక్కు మీద తిరగనివ్వండి. జూలై తర్వాత ఆయనకు ఆ అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో.

డబ్బు సంగతిలో మీ వారి పక్షాన ఒక మాట. చీటీ పాడి ఎత్తుకున్నానని రాశారు, ఇంకా పద్నాలుగు నెలల వాయిదాలు ఉన్నాయని కూడా రాశారు. అంటే చేతికొచ్చిన 2,00,000 పూర్తిగా మీ పొదుపు కాదు, అందులో కొంత మీరు ఇంకా కట్టవలసిన సొమ్ము. బాల్కనీ గది ఆ మొత్తాన్ని దాటిపోతోంది, విమానం టికెట్లు, వీసా, రేవుల్లో దిగి తిరిగే ఖర్చు, ఓడలో రోజుకు ఇంత అని కలిపే సేవా రుసుము, ఇవన్నీ ఇంకా మిగిలే ఉన్నాయి. ఆయన పిసినారితనంతో అన్నారని మీరు అనుకుంటున్నారు. చెన్నైలోనే చూళైలో ఆరు కుటుంబాల మధ్య ఒక పోర్షనులో పెరిగారని మీరే రాశారు. అలా పెరిగిన మనిషికి గది పడుకోవడానికే అన్నది వాదన కోసం అన్న మాట కాదు, ఆయన బతికిన అనుభవం. నలుగురూ ఒక గదిలో ఉండటం ఆయనకు ఇరుకుగా తోచకపోవచ్చు, అందరూ కలిసి ఉన్నట్టే తోస్తుంది. అది మీకూ అలాగే ఉందని ఆయన ఇన్నేళ్లూ అనుకుని ఉంటారు, ఎందుకంటే మీరు ఎన్నడూ కాదని చెప్పలేదు.

"నీ డబ్బు, నీ ఇష్టం" అన్న మాట మిమ్మల్ని నొప్పించింది, నొప్పించే మాటే అది. ఇరవై రెండేళ్ల సంసారంలో మీ డబ్బు, నా డబ్బు అని ఆయన మొదటిసారి విడదీశారని రాశారు. అయితే ఆ మాటకు జవాబుగా డబ్బు కట్టేయకండి. కోపంలో కట్టిన గదిలో నాలుగు రాత్రులూ ఆ కోపమే మీతో ఉంటుంది. అమ్మాయీ అత్తగారూ లేనప్పుడు, వీలైతే ఇంటి బయట, ఏ సాయంత్రమో మెరీనాలోనో మీ వీధి చివరి పార్కులోనో కూర్చుని, ధరల కాగితం తీయకుండా ముందు ఇది చెప్పండి: "నాకు బాల్కనీ అక్కర్లేదండీ. పదకొండేళ్లుగా మనిద్దరం తలుపు వేసుకుని మాట్లాడుకోలేదు. నాలుగు రాత్రులు అది కావాలని ఉంది. పెద్ద గది అడిగితే అది వస్తుందనుకున్నాను." ఈ మాట చెప్పడానికి మీకు సిగ్గుగా ఉండవచ్చు. భర్తతో చెప్పడానికి సిగ్గుపడి, ఆ సిగ్గును అరవై వేల రూపాయల వాదనగా మార్చుకున్న ఇళ్లు నేను చాలా చూశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. ఆ తర్వాత రెండు గదుల లెక్క చూపించండి. ఆయన అడిగినదానికీ మీరు అడిగినదానికీ సరిగ్గా మధ్యలో ఉంది ఆ లెక్క, కాబట్టి ఎవరూ ఓడిపోయినట్టు ఉండదు.

ఒకవేళ ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆ 30,000 మీ చీటీ డబ్బులోంచి మీరే పెట్టండి, ఆయనకు చెప్పి, ఆయన ఎదుటే కట్టండి. రహస్యంగా మాత్రం వద్దు.

అత్తగారికి వేరే గది అన్న సంగతి మీ నోటితో కాకుండా ఆమె కొడుకే చెప్పాలి. కోడలు చెబితే తనను పక్కన పెడుతున్నారని ఆమెకు తోచవచ్చు, కొడుకు చెబితే మనవరాలితో నాలుగు రాత్రులు అన్నట్టు వినిపిస్తుంది. "అమ్మా, చిన్నది హాస్టలుకు పోతోంది, నీ పక్కనే పడుకుంటానంటోంది, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలున్న గది నీకోసం చూశాం" అని ఆయన అంటే చాలు. ముందు అమ్మాయిని అడిగి, ఆమె సరేనన్నాకే ఆయన చేత ఆ మాట చెప్పించండి.