ఖోన్‌లో కమెడియన్లు మాత్రమే ఎందుకు మాట్లాడతారు: సమాధానం

రామాయణ కథని ఆడే థాయ్‌లాండ్ ముసుగు నృత్యనాటకం ఖోన్ వీడియోలో రాక్షసులూ కోతులూ ముసుగులేసుకుని నోరు మెదపకుండా ఆడుతుంటే కమెడియన్లు మాత్రం గలగలా మాట్లాడుతున్నారేంటి, ఇది పాతదా ఇప్పుడు కలిపారా అనే కదా ప్రాజెక్టు కోసం మీరడిగిన డౌటు. పాతదేనండి. రాక్షసులకీ కోతులకీ డైలాగులు పక్కనుండి వేరేవాళ్ళు చెప్తారు, కమెడియన్లకి నోరు కప్పే ముసుగు ఉండదు, సొంతంగా మాట్లాడతారు కాబట్టి అప్పటికప్పుడు జోకేసే ఛాన్స్ వాళ్ళదే.

అసలు మజా మాత్రం దక్షిణ థాయ్‌లాండ్ తోలుబొమ్మలాట నాంగ్ తలుంగ్‌లో ఉంది. రాజులూ దేవతలూ బ్యాంకాక్ వైపు భాష మాట్లాడితే థెంగ్, నూ నూయ్ లాంటి నల్ల బొమ్మలు ఊరి యాసలో దంచుతాయి, దారం లాగితే దవడ ఆడుతుంది, రాజకీయ నాయకుల్ని కూడా వదలవు (మన కేతిగాడు, బంగారక్క టైపే అన్నమాట). 19వ శతాబ్దం చివర్లో వచ్చిన లికే అనే జానపద నాటకంలో అయితే దాదాపు అందరూ అక్కడికక్కడే డైలాగు అల్లేస్తారు. తర్వాత 1980లు, 90ల్లో బ్యాంకాక్ కేఫుల్లో ఆడే కామెడీ ట్రూపులు, ట్రేతో నెత్తిమీద టంగున కొట్టుకోవడం, అక్కణ్ణుంచి టీవీ... ఆ ట్రే కామెడీ నాకంతగా ఎక్కలేదు.

ప్రాజెక్టుకైతే "సొంతంగా మాట్లాడే వీలు ఎవరికుంది" అనే ఒక్క పాయింటు పట్టుకుని రాయండి, యూట్యూబ్‌లో థాయ్ లిపిలోనే వెతకండి, ఇంగ్లీషులో కొడితే ఎక్కువగా టూరిస్టు క్లిప్పులే వస్తాయి.