తుపాను ఏ పక్క నుంచి దాటుతోంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తుపానులు, వరదల గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: ఒక రేవులో పదో నంబరు, ఇంకో రేవులో నాలుగో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెబుతుంటారు. పదో నంబరు అంటే అన్నిటికంటే పెద్ద తుపాను అనేనా? తుపాను ఒక్కటే అయినప్పుడు నంబర్లు ఇన్ని ఎందుకు?
— ఒక పాఠకుడు, నిజాంపట్నం

జవాబు: కాదండీ. అవి తుపాను బలాన్ని కొలిచే అంకెలు కావు, రేవులో ఉన్న ఓడలకూ పడవలకూ ఇచ్చే సంకేతాలు. అందుకే తుపాను ఒక్కటే అయినా కృష్ణపట్నానికి ఒక నంబరు, కాకినాడకు ఇంకో నంబరు వస్తాయి.

మొత్తం 11 సంకేతాలు. 1, 2 దూరాన సముద్రంలో ఉన్నదాని గురించి చెబుతాయి: వాయుగుండం ఉంటే 1, అది తుపానుగా మారితే 2. ఈదురుగాలుల వల్ల రేవుకే ఇబ్బంది రావచ్చంటే 3. తుపాను ముప్పు ఉంది గానీ గట్టి జాగ్రత్తలు తీసుకునేంత దగ్గరికి రాలేదంటే 4. 5 నుంచి 7 వరకు ప్రమాదం, 8 నుంచి 10 వరకు మహా ప్రమాదం, అంటే వచ్చేది తీవ్ర తుపాను లేదా అంతకంటే పెద్దది. 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

టీవీవాళ్లు చెప్పకుండా వదిలేసేది ఇక్కడే ఉంది. 5, 8 నంబర్లు వేస్తే తుపాను వెళ్లే దారికి మీ రేవు ఎడమ పక్కన ఉంటుంది. 6, 9 అయితే కుడి పక్కన. 7, 10 అయితే తుపాను రేవు మీదుగానో దానికి బాగా దగ్గరగానో దాటుతుంది. మన తీరానికి తుపానులు ఎక్కువగా తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచి వస్తాయి. అటు నుంచి వచ్చేదానికి కుడి పక్క అంటే ఉత్తరం. కాబట్టి మీ రేవుకు 9 వేశారంటే తుపాను మీకు దక్షిణంగా దాటబోతోందన్నమాట. ఉప్పెన విషయంలో 8 కంటే 9కే ఎక్కువ భయపడాలి. ఒక్కోసారి 10 కంటే కూడా. ఎందుకో తర్వాతి జవాబులో చూడండి. అలాగని 8 చూసి ధీమాగా ఉండొద్దు. తుపాను దారి కొన్ని పదుల కిలోమీటర్లు జరిగితే చాలు, ఎడమ కుడి అవుతుంది.

ప్రశ్న: 1977 తుపాను చీరాల దగ్గర తీరం దాటిందని చదివాను. మరి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయింది దివిసీమలో కదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ తుపాను నవంబరు 19న తీరం దాటింది. చీరాల నుంచి అవనిగడ్డకు తిన్నగా కొలిస్తే అరవై కిలోమీటర్ల పైమాటే. అయినా దివిసీమ మునగడం వింతేమీ కాదు, ఉప్పెన పనిచేసే తీరే అంత.

మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమరగా కదిలే తుపానులో కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. తుపాను ముందుకు కదిలే వేగం కూడా దానికి తోడవుతుంది. దక్షిణాన గాలి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది కాబట్టి అక్కడ నీరు వెనక్కి పోయిన సందర్భాలూ ఉన్నాయి. అత్యంత బలమైన గాలులు ఉండేది కేంద్రంలో కాదు, దాని చుట్టూ ఉన్న వలయంలో. అందుకే తీరం దాటిన చోటుకు కుడి పక్కన, కొంత దూరంలో ఉప్పెన ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. ఆ రోజు ఆ చోట ఉన్నది దివిసీమ.

రెండో కారణం సముద్రపు అడుగు. లోతైన సముద్రంలో గాలి తోసిన నీరు కిందుగా తిరిగి వెళ్లిపోగలదు. కృష్ణా ముఖద్వారం దగ్గర, నిజాంపట్నం అఖాతంలో సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. నీటికి వెళ్లే దారిలేక పైకి లేస్తుంది. తుపాను కేంద్రంలో గాలి పీడనం తగ్గడం వల్లే నీరు ఉబుకుతుందని కొందరు అనుకుంటారు. నిజమే గానీ ఆ వాటా చిన్నది. పీడనం ఒక మిల్లీబారు పడితే నీటిమట్టం దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 60 మిల్లీబార్లు పడినా అర మీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. 1977లో వచ్చిన నీరు దాదాపు 5 మీటర్లు. అందులో అధిక భాగం గాలి తోసుకొచ్చిందే. ఆ రోజు పోయిన పది వేల పైచిలుకు ప్రాణాల్లో చాలావరకు తీసింది నీరే.

బులెటిన్లలో ‘సాధారణ పోటు కంటే ఒక మీటరు ఎత్తున ఉప్పెన’ అని రాస్తారు. ఆ ఒక మీటరును ఆ వేళ ఉండే పోటు మీద కలుపుకోవాలి, ఆపైన అలలు వేరే. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు వేళకే తుపాను తీరం దాటితే లెక్క మారిపోతుంది. ఈ ఉప్పెన అంచనాలను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) లెక్కగడుతుంది. మీ ఊరు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో పంచాయతీలో ఒకసారి కనుక్కుని ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ అంకె తెలియకపోతే బులెటిన్‌లోని అంకెతో పనిలేదు.

ప్రశ్న: మా అమ్మమ్మ, తాతయ్య నాగాయలంక దగ్గర ఉంటారు. ఎంత చెప్పినా ఇల్లు కదలరు. వాళ్లను షెల్టరుకు ఎప్పటిలోగా తీసుకెళ్లాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాతావరణ శాఖ నాలుగు అంచెల్లో చెబుతుంది. ప్రతికూల వాతావరణం మొదలయ్యే సమయానికి 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు రంగు, 24 గంటల ముందు నారింజ రంగు. తీరం దాటడానికి 12 గంటల ముందు నుంచి వచ్చేది ఎరుపు. పెద్దవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు నారింజ రంగు వచ్చిన పగటిపూటే కదలాలి. ఎరుపు దాకా ఆగితే చెట్లు పడి, కాలువలు పొంగి దారులు మూసుకుపోతాయి. డెల్టాలో ఊరు మునగకముందే ఊరికి వెళ్లే రోడ్డు మునుగుతుంది.

వాళ్లు కదలకపోవడానికి చాలాసార్లు కారణం మొండితనం కాదు, గేదెలు. ముందు వాటి సంగతి తేల్చండి. మెరక మీదికి తోలే వీలుంటే పసుపు రంగు నాడే తోలేయండి. వీల్లేకపోతే పలుపులు విప్పి వదిలేయండి. కట్టేసిన పశువు గుంజ దగ్గరే మునిగిపోతుంది, వదిలేసినది ఈదుకుంటూ ఎక్కడో ఒక మెరక పట్టుకుంటుంది. పాసుపుస్తకాలు, ఆధార్, బ్యాంకు కాగితాలు, వారానికి సరిపడా బీపీ, షుగరు మాత్రలు రెండు పాలిథిన్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి మూతి బిగించి తాతయ్య చేతికివ్వండి. కాగితాలు చేతిలో ఉంటే సగం బెంగ తీరుతుంది.

ఇంకో మాట వాళ్లకు తప్పకుండా చెప్పండి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తెరిపిచ్చిందంటే తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మీదుగా వెళ్తోందని అర్థం కావచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా దాటినప్పుడు ఇదే జరిగింది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. మొదటి దఫాలో వదులైన రేకులు, గోడలు, కొమ్మలు రెండో దఫాలో పడతాయి. ఇల్లు ఎలా ఉందో చూసొద్దామని ఆ విరామంలో బయటికి రావద్దు. అధికారులు చెప్పాకే రావాలి. ఫోన్లు పనిచేసినంతసేపు జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్ర కేంద్రం 1070.

ప్రశ్న: సిమెంటు రేకుల ఇల్లు. రేకుల మీద ఇసుక బస్తాలు పెడితే చాలా?
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: చాలవు. ఎక్కువ పెడితే రేకు పగులుతుంది కూడా. గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం గానీ, తక్కువ వాలు కప్పును అది పైకి లాగుతుంది. గాలి తగిలే వైపు కిటికీ విరిగితే లోపలికి దూరిన గాలి కింద నుంచి కూడా తోస్తుంది. రెండూ కలిస్తే రేకు సులువుగా లేస్తుంది. అందుకే తలుపులు, కిటికీలు గట్టిగా బిగించడం కప్పును కాపాడే పనుల్లో మొదటిది.

గంటకు 62 కిలోమీటర్ల గాలి నుంచి తుపాను అంటారు, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. ఇవి మూడు నిమిషాల సగటు వేగాలు. మధ్యలో వచ్చే విసురు ఇంకా ఎక్కువ. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 90కి నిలిచిన కప్పు 120కి ఎందుకు లేచిపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ముందు లేచేది చూరు, మూలలు, నడికొప్పు. జె బోల్టులు (రేకును పట్టి ఉంచే కొక్కెం బోల్టులు) అక్కడ దగ్గర దగ్గరగా ఉండాలి, మధ్యలో కాస్త ఎడం ఉన్నా ఫరవాలేదు. బోల్టు కింద వాషరు లేకపోతే రేకు బోల్టు చుట్టూ చిరిగి ఊడి వస్తుంది. చూరు గోడ దాటి 45 సెంటీమీటర్లకు మించి బయటికి రాకూడదు. వరండా కప్పును ఇంటి కప్పుకు కలపకుండా విడిగా వేయించుకోండి, అది లేచినా ఇంటి కప్పును వెంట లాక్కుపోదు. అన్నిటికంటే ముఖ్యం, రేకును దూలానికి బిగించి ఊరుకోవద్దు. దూలాన్ని గోడకు ఇనుప పట్టీతో కట్టాలి. చాలా ఇళ్లలో దూలం గోడ మీద ఊరికే కూర్చుని ఉంటుంది. అప్పుడు కప్పు మొత్తం దూలాలతో సహా లేచిపోతుంది.

ప్రశ్న: భద్రాచలంలో రెండో హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో మాకు ఎంత వ్యవధి ఉన్నట్టు?
— ఒక పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర ఇవే హెచ్చరికలు 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. భద్రాచలం నీరు ధవళేశ్వరం బ్యారేజీకి చేరడానికి సాధారణంగా ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. కానీ భద్రాచలం అంకెలో శబరి నీరు ఉండదు, అది దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాబట్టి భద్రాచలంలో నీరు నిలకడగా ఉన్నా శబరి పొంగితే మీకు నీరు పెరుగుతుంది. కూనవరం మట్టం కూడా అడిగి తెలుసుకోండి. పడవ మీద దాటాల్సిన లంక అయితే ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక దాకా ఆగొద్దు.

ప్రశ్న: వరద నీరు బావిలో పడింది. బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలి? ఎలా వేయాలి?
— ఒక పాఠకురాలు, నందిగామ

జవాబు: ముందు బావిని తోడించాలి. బురద ఉన్న నీళ్లలో ఎంత పౌడరు వేసినా క్లోరిన్‌ను బురదే తినేస్తుంది. అయితే వరద తీసిన వెంటనే ఒక్కసారిగా తోడొద్దు. చుట్టూ నేల నీటితో నిండి ఉంటుంది, లోపల ఖాళీ అయితే వరలు కుంగుతాయి. ఆయిల్ ఇంజినును బావిలోకి దింపి ఎట్టి పరిస్థితుల్లోనూ నడపొద్దు. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, దిగిన మనిషీ, అతన్ని లాగడానికి దిగిన మనిషీ ఇద్దరూ పోతారు.

కొత్త నీరు ఊరాక లెక్క వేయండి. బావి అడ్డకొలతను దానితోనే హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, 785తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి (కొలతలు మీటర్లలో). 2 మీటర్ల అడ్డకొలత, 3 మీటర్ల నీరు ఉంటే 2 × 2 × 3 × 785, అంటే 9,420 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి పౌడరు చాలు. వరద తర్వాత రెట్టింపుతో మొదలుపెట్టండి, ఈ బావికి దాదాపు 50 గ్రాములు.

పౌడరును నేరుగా చల్లొద్దు. బకెట్‌లో వేసి కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పాతిక వరకు నీళ్లు పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని ఇంకో బకెట్‌లోకి వంచి, దాన్ని తాడుతో బావిలో నీటిమట్టం కిందికి దించి పైకీ కిందికీ కుదపండి. అడుగున మిగిలిన సున్నం బావిలో వేస్తే నీటి కాఠిన్యం పెరుగుతుంది, పారేయండి. గంట ఆగి క్లోరిన్ పరీక్ష చేయించండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. అసలు మిగలకపోతే మళ్లీ వేయాల్సిందే. పౌడరు సంచి విప్పి నెలలు గడిచి ఘాటు పోయి ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు, కొత్తది తెచ్చుకోండి.

తీరంలో ఉప్పెన నీరు పడిన బావి సంగతి వేరు. క్లోరిన్ ఉప్పును తీయలేదు. పైగా అలాంటి బావిని మోటారుతో గట్టిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. కొద్దికొద్దిగా తోడుతూ వానలు కడిగేదాకా వాడకానికే ఉంచి, తాగడానికి ట్యాంకరు నీరు తెచ్చుకోక తప్పదు.

ప్రశ్న: సముద్రం ఒడ్డున సరుగుడు పెంచితే ఉప్పెన ఆగుతుందా?
— ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: సరుగుడు గాలినీ ఇసుకనూ కొంత ఆపుతుంది, ఉప్పెనను ఆపదు. మడ అడవి నయం. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపాడా జిల్లాలో పరిశీలిస్తే సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి మిగిలిన గ్రామాల్లో మరణాలు తక్కువగా తేలాయి. కానీ అడవికి వెడల్పు ఉండాలి. రొయ్యల చెరువుల కోసం మధ్యలో దారులూ కాలువలూ కొట్టిన చోట నీరు ఆ సందుల్లోంచే దూసుకొస్తుంది.

ప్రశ్న: కోసిన వరి పనల మీద ఉండగా తుపాను వాన పడింది. గింజ మొలకెత్తకుండా ఏం చేయాలి?
— ఒక రైతు, తణుకు

జవాబు: చేలో నీరు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనలు తడిసేలా పిచికారీ చేయండి. పైది ఆరాక పనలు తిరగేసి రెండో వైపూ కొట్టండి. నూర్చిన ధాన్యం తడిసి, ఎండబెట్టే వీలు లేకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి. ఎండ రాగానే తూర్పారబట్టి ఊక తీసేసి ఆరబెట్టాలి. మొలక కనిపించాక ఉప్పు కొట్టినా ఫలితం ఉండదు, కాబట్టి వాన తెరిపివ్వగానే మొదలుపెట్టండి. విత్తనానికి ఉంచుకోదలచిన ధాన్యానికి మాత్రం ఈ పద్ధతి వాడొద్దు.