అమ్మాయి ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేయాలా?

ప్రశ్న: 2020 లాక్‌డౌన్ నుంచి మా అమ్మాయి విశాఖపట్నం మధురవాడలో మా ఇంట్లోనే ఉండి బెంగళూరు కంపెనీకి పనిచేస్తోంది. ఇప్పుడు అక్కడికి రమ్మంటున్నారు. మాకేమో తను కళ్లెదుటే ఉండాలని. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మా అబ్బాయి కూడా సీతమ్మధారలో మా ఇంటి నుంచే పనిచేస్తాడు. మధ్యాహ్నం వాడితో కలిసి భోంచేయడం నాకెంత ఇష్టమో చెప్పలేను. అద్దె మిగులుతుంది, వేళకి తిండి ఉంటుంది. కానీ రాత్రి పదింటికి కూడా మీటింగే! ఆ గది తలుపు ఎప్పుడు తట్టాలో నాకిప్పటికీ టెన్షనే.

చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీలో 2010లో మొదలైన పరిశోధన చూడండి. ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. అయినా, ఆ పనికి తగ్గట్టు ప్రమోషన్లు రాలేదు. ఒంటరితనం భరించలేక చాలామంది తిరిగి ఆఫీసుకే వెళ్లారు. మీ అమ్మాయి విషయంలో నాకున్న బెంగ ఇదే.

మధ్యేమార్గం కూడా ఉంది. 1973లో అమెరికాలో జాక్ నిల్లెస్ అనే ఇంజనీరు ప్రధాన ఆఫీసుకి వెళ్లకుండా పనిచేయడమనే ఆలోచన మొదలుపెట్టినప్పుడు, ఉద్యోగుల ఇళ్లకి దగ్గర్లో చిన్న ఆఫీసులు పెట్టి చూశారు. రుషికొండ వైపు కో-వర్కింగ్ ఆఫీసులో (రకరకాల కంపెనీలవాళ్లు సీట్లు అద్దెకి తీసుకునే ఉమ్మడి ఆఫీసు) సీటు తీసుకుంటానని, నెలకి కొన్ని రోజులు బెంగళూరు వస్తానని అమ్మాయిని మేనేజర్‌తో మాట్లాడమనండి. దానికంటే ముందు, తనకి వెళ్లాలని ఉందేమో అడగండి. ఉందంటే మాత్రం ఆపకండి.