ఉఫీజీ గ్యాలరీని గైడు లేకుండా ఆడియో టూర్‌తో చూడవచ్చా?

మే నెలలో అమ్మానాన్నలతో ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్తున్నామనీ, అక్కడి ప్రసిద్ధ చిత్రకళా మ్యూజియం ఉఫీజీ గ్యాలరీకి ఒక్క పూట మాత్రమే కేటాయించగలమనీ, పెద్దవాళ్లకు ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి గైడును మాట్లాడుకోవాలా, లేక ఫోనులో ఆడియో టూర్ పెట్టుకుని సొంతంగా తిరగవచ్చా అనీ మీరు అడిగారు. నిరుడు అక్టోబరులో నేను మా నాన్నగారితో సరిగ్గా ఇదే పరిస్థితిలో వెళ్లాను కాబట్టి నా అనుభవం చెబుతాను. సొంతంగా నిక్షేపంగా చూడవచ్చు. అయితే ముందురోజు రాత్రి ఒక రెండు గంటలు మీరు కష్టపడాలి. ఆ కష్టం పడకపోతే ఆడియో టూర్ వల్ల మేలు కంటే చికాకే ఎక్కువ.

ముందుగా టికెట్టు సంగతి. గ్యాలరీకి సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం కానీ, పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆ రోజు జోలికి పోకపోవడమే మంచిది. మేము గ్యాలరీ అధికారిక వెబ్‌సైటులోనే ఉదయపు వేళకు టికెట్టు తీసుకున్నాము. అప్పుడు మనిషికి 25 యూరోలు, ముందస్తు రిజర్వేషనుకు మరో 4 యూరోలు అయింది. ఇంకొక మాట: మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం ఇక్కడ ఉండదు. అది అకాడెమియా అనే వేరే మ్యూజియంలో ఉంది, దానికి వేరే టికెట్టు. ఉఫీజీ పక్కనే ఉన్న సిన్యోరియా కూడలిలో నిలబడి ఉన్నది నకలు.

మీరు తెలుసుకోవలసిన మరొక ముఖ్య విషయం మెట్లు. ఈ భవనం మ్యూజియం కోసం కట్టినది కాదు. ఫ్లోరెన్స్ పాలకుడు మొదటి కోసిమో మెదిచీ తన ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఒకే చోట ఉండాలని 1560లో వాస్తుశిల్పి జార్జో వసారి చేత మొదలుపెట్టించిన కచేరీ భవనం ఇది. ఉఫీజీ అన్న మాటకు అర్థం కూడా ఆఫీసులనే. ఆయన కొడుకు ఫ్రాన్చెస్కో పై అంతస్తులో తన శిల్పాలనూ చిత్రాలనూ పెట్టించాడు కాబట్టి ఈనాటికీ చూడటం పైనుంచే మొదలవుతుంది. అంటే తనిఖీ దాటగానే పొడవైన మెట్ల వరుస ఎక్కి, పై అంతస్తు అంతా చూసి, ఆ తరువాత కింది అంతస్తుకు దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి లిఫ్టు ఉంది. మొహమాటపడకుండా అక్కడి సిబ్బందిని అడగండి. డెబ్బై ఏళ్ల మా నాన్నగారు పౌరుషానికి పోయి మెట్లే ఎక్కారు. దాని ఫలితం మధ్యాహ్నానికి తెలిసింది.

ఇక ఆడియో విషయానికి వస్తాను. మేము బయలుదేరే ముందు నేను ఒక ఉచిత ఆడియో టూర్‌ను ఎంచుకున్నాను కానీ, దాన్ని ఫోనులోకి దింపుకోకుండా అక్కడే నేరుగా విందాములే అనుకున్నాను. దళసరి రాతిగోడల మధ్య నా ఫోనుకు సిగ్నల్ వస్తూ పోతూ ఉండటంతో పాతకాలపు చిత్రకారుడు జొట్టో గురించి చెబుతున్న గొంతు వాక్యం మధ్యలో ఆగిపోయేది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఎదురైంది. ఆ టూర్ పాతది. గ్యాలరీలో కొన్నేళ్లుగా చిత్రాలను చాలా వరకు సర్ది, గదుల సంఖ్యలకు ముందు ఎ, సి, డి వంటి అక్షరాలు చేర్చారు. టూర్‌లో చెప్పే గది సంఖ్యకూ గుమ్మం మీద కనిపించే సంఖ్యకూ పొంతన కుదరలేదు. ఎడమకు తిరగండి అని చెవిలో వినిపించేసరికి మేము ఎడమకు తిరిగితే కిటికీ కనిపించింది. కాబట్టి ఏ టూర్ తీసుకున్నా అది ఎప్పటిదో చూసుకోండి, ముందే ఫోనులోకి దింపుకోండి, దారి కోసం దాన్ని నమ్మకుండా చిత్రం పేరునూ చిత్రకారుడి పేరునూ పట్టుకుని వెతకండి.

ఇంత జరిగినా ఆ రోజు దక్కిందంటే కారణం, ముందురోజు రాత్రి బసలో చేసిన చిన్న పని. మా నాన్నగారు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు చదవగలరు కానీ విదేశీయుల ఉచ్చారణ వేగంగా సాగితే అందుకోలేరు. అందుకని ఆ టూర్‌ను రాత్రి వైఫైలో ఒకసారి మొత్తం విని, అందులోంచి పన్నెండు చిత్రాలు మాత్రమే ఎంచి, ఒక్కొక్కదానికి నిమిషం, నిమిషంన్నర మించకుండా నా గొంతుతో తెలుగులో వాట్సాప్ వాయిస్ మెసేజిలు చేసి ఆయన ఫోనుకు పంపాను. ప్రతి మెసేజినీ చిత్రం ఎలా గుర్తుపట్టాలో చెప్పి మొదలుపెట్టాను. "నాన్నగారూ, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒంటికన్ను దొర కనిపిస్తే ఇది వినండి" అన్నట్టుగా. ఒకసారి వచ్చిచేరిన మెసేజికి సిగ్నల్‌తో పని లేదు. మీ అమ్మానాన్నల కోసం ఇలా చేయమని గట్టిగా చెబుతాను. మీ గొంతు విని వాళ్లు ఆగినంతసేపు ఏ గైడు చెప్పినా ఆగరు.

ఆ ఎర్ర టోపీ దొర ఉర్బీనో అనే చిన్న రాజ్యాన్ని ఏలిన డ్యూక్ ఫెదెరీకో. పియేరో దెల్లా ఫ్రాన్చెస్కా గీసిన జంట చిత్రాల్లో ఆయనా, ఆయన భార్యా ఎదురెదురుగా ఒక పక్క ముఖాలతో ఉంటారు. గుర్రాల మీద ఈటెలతో తలపడే పోటీలో ఆయన కుడికన్ను పోయింది కాబట్టి చిత్రకారుడు ఎడమ పక్కనే చూపించాడు. ముక్కు దూలం దగ్గర గొడ్డలితో చెక్కినట్టున్న నొక్కును మాత్రం దాచలేదు, బుగ్గ మీది పులిపిరులను కూడా వదల్లేదు. చాలామంది ఇంతవరకు చూసి వెళ్లిపోతారు. నా మెసేజి చివర "ఇప్పుడు వెనక్కి వెళ్లండి" అని ఉంది. ఆ పలకల వెనకవైపున కూడా చిత్రాలున్నాయి. భార్యాభర్తలిద్దరూ చెరొక రథమెక్కి ఊరేగుతుంటారు. నాన్నగారు ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు తిరిగారు. "ఒరేయ్, మన దగ్గర ఉత్సవ విగ్రహాలను కూడా ఇలాగే చుట్టూ తిరిగి చూస్తాం కదరా" అన్నారు.

దీనికంటే ముందే, టూర్ మొదట్లోనే, ముగ్గురు మేరీమాతలు ఒకే గదిలో ఎదురవుతారు. చిమబూయె, దూచ్చో, జొట్టో అనే ముగ్గురు పాతకాలపు చిత్రకారులు గీసినవి. దూచ్చో చిత్రం నాలుగున్నర మీటర్ల ఎత్తు. ఇక్కడ మటుకు ఆడియో ఆపేసి, ముగ్గురి మోకాళ్లనూ చూడండి. జొట్టో చిత్రంలో తల్లి చీకటి రంగు వస్త్రం కింద మోకాళ్లు ఉబికి కనిపిస్తాయి, ఆమె నిజంగా బరువుతో కూర్చున్నట్టుంటుంది. మిగతా ఇద్దరిలో వస్త్రపు గీతల అందం ఎక్కువ. పునరుజ్జీవన (రినైసాన్స్) కళ అంటే ఏమిటో ఆ పావుగంటలో అర్థమైనంతగా నాకు ఏ వ్యాసంలోనూ అర్థం కాలేదు.

బొట్టిచెల్లి అనే చిత్రకారుడి గదుల్లో జనం గుమిగూడి ఉంటారు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం గడియారం ముందు మూగే జనం గుర్తొచ్చారు, కాకపోతే ఇక్కడ గంట ఎప్పటికీ కొట్టదు, జనం కదలరు. ప్రేమదేవత వీనస్ జననం చిత్రం కాన్వాసు గుడ్డ మీద వేసినది, దానికి జోడీగా చెప్పుకునే వసంతం చెక్క పలకల మీద వేసినది. జనం ఎక్కువగా వీనస్ ముందే ఉంటారు కాబట్టి వసంతం కుడి చివరకు చేరండి. అక్కడ నీలిరంగు పవనుడు ఒక వనకన్యను పట్టుకుంటుంటే ఆమె నోటి నుంచి పూలు రాలుతుంటాయి, ఆ పూలే పక్కనున్న పూల దేవత ఫ్లోరా చీర మీద అచ్చు పడినట్టుంటాయి. ఆ తోటలో వందకు పైగా పూల రకాలను వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించారు.

లియొనార్డో గదిలో దేవదూత వచ్చి మేరీకి శుభవార్త చెప్పే చిత్రం ఉంది. ఆయన ఇరవైల్లో ఉన్నప్పటిది. ఎదురుగా నిలబడి చూస్తే మేరీ కుడి చేయి ఉండవలసినదానికంటే పొడవుగా, పుస్తకపు బల్ల కాస్త తేడాగా కనిపిస్తుంది. కుర్రతనపు పొరపాటు అని కొందరు అంటారు. ఈ చిత్రాన్ని కుడి పక్కనుంచి చూడటానికే గీశాడని మరికొందరి వాదన. ఆడియోలో విన్నట్టుగానే నేను నాలుగు అడుగులు కుడివైపు జరిగాను. చేయి ఒద్దికగా సర్దుకుంది. నాకైతే రెండో వాదనే సరైనదనిపించింది. ఇటువంటి చోట్లే ఆడియో కోసం పడిన శ్రమ ఫలిస్తుంది, ఎందుకంటే అది మనల్ని చూడమనడమే కాకుండా ఎక్కడ నిలబడి చూడాలో చెబుతుంది.

మైకెలాంజెలో గీసిన గుండ్రటి చిత్రమూ రాఫేల్ చిత్రాలూ ఒకే గదిలో ఉంటాయి. రాఫేల్ గీసిన పిట్టను పట్టుకున్న బాలుళ్ల చిత్రం పదహారో శతాబ్దంలో యజమాని ఇల్లు కూలినప్పుడు 17 ముక్కలైంది. ఏళ్ల తరబడి సాగిన మరమ్మతు 2008లో పూర్తయింది. అతుకులు కనిపెట్టాలని నేను ఎంత దగ్గరగా వెళ్లినా కనిపెట్టలేకపోయాను, కాపలా ఆమె మాత్రం నన్ను కనిపెట్టి వెనక్కి జరగమంది.

కింది అంతస్తులో వదలకూడనివి కరవాజ్జో గీసిన మెదూసా (జుట్టంతా పాములున్న గ్రీకు రాక్షసి), అర్తెమీజ్యా జెంతిలెస్కి అనే చిత్రకారిణి గీసిన, శత్రు సేనాని తల నరికే జూడిత్. మెదూసా ఉబ్బెత్తు డాలు మీద ఉంటుంది కాబట్టి ఫొటోల్లో చూసినదానికీ ఎదురుగా చూసినదానికీ చాలా తేడా ఉంది. అప్పటికి కాళ్లు లాగుతుంటాయి. అందుకే పై అంతస్తు చివర మేడమీద ఉన్న కాఫీ హోటల్లో ఒక అరగంట కూర్చుని దిగండి. ధర ఎక్కువే కానీ పాత రాజభవనపు గోపురం ఎదురుగా కనిపిస్తుంది. మాకు మొత్తం నాలుగు గంటలు పట్టింది.

ఒక్కొక్కరికీ ఇయర్‌ఫోన్లు విడిగా తీసుకెళ్లండి, పవర్ బ్యాంకు మరువకండి, ఫోను స్పీకరు మాత్రం పెట్టకండి. కిందికి దిగాక మళ్ళీ పైకి రావడం కష్టం కాబట్టి, రెండోసారి చూడాలనిపించినవి దిగకముందే చూసేయండి. మా నాన్నగారు కాఫీ తాగాక "ఒక్క నిమిషం" అని చెప్పి ఆ పొడవాటి వసారా అంతా వెనక్కి నడిచి, ఎర్ర టోపీ దొరను మళ్ళీ చూసి వచ్చారు. వచ్చేసరికి ఆయన చెవిలో నా మెసేజి ఇంకా నడుస్తూనే ఉంది.