పొట్టి బంధమే బలహీనమా?

ప్రశ్న: ఆవర్తన పట్టికలో గ్రూపు (నిలువు వరస)లో కిందికి పోయేకొద్దీ బంధం పొడవు పెరిగి బలం తగ్గుతుందని చదివాను. మరి క్లోరిన్ కంటే ఫ్లోరిన్ బంధం పొట్టిదైనా బలహీనం అంటారేంటి సార్?
– ఇంటర్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: పొడవు వరకు నీ రూల్ కరెక్టేనమ్మా. కిందికి దిగేకొద్దీ కొత్త కర్పరం (ఎలక్ట్రాన్ల పొర) చేరి పరమాణువు పెద్దదవుతుంది, అందుకే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో బంధం సుమారు 92 పికోమీటర్లుంటే (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లో వంతు) క్లోరైడ్‌లో 127, బ్రోమైడ్‌లో 141, అయొడైడ్‌లో 161, బలం కూడా అదే వరసలో తగ్గుతుంది. పీరియడ్ (అడ్డు వరస)లో కుడివైపు పోతే కేంద్రకం లాగుడు పెరిగి పరమాణువు చిక్కిపోతుంది, బంధమూ పొట్టిదవుతుంది.

చిక్కంతా రెండు ఫ్లోరిన్లు కలిసినప్పుడే. వాటి మధ్య దూరం 142 పికోమీటర్లే, క్లోరిన్‌లో అయితే 199. కానీ ఒక్కో ఫ్లోరిన్ మీద బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంటలు మూడేసి ఉంటాయి కదా, తిరుమల కొండెక్కే బస్సులో ఒకే సీట్లో ఇద్దరూ ఒళ్లో పెద్ద సంచులు పెట్టుకుని ఇరుక్కున్నట్టు అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే ఈ బంధం తెంచడానికి మోల్‌కు 158 కిలోజౌళ్లు చాలు, క్లోరిన్‌కు 242 కావాలి. ఎంట్రన్స్ పేపర్లు తయారుచేసేవాళ్లకు ఇదంటే భలే ఇష్టంలే! బ్రోమిన్ నుంచి మళ్లీ మామూలే: 193, అయొడిన్‌కు 151.