పాల గ్లాసుతో కుస్తీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. పాలంటే ప్రాణం, రోజుకి లీటరు దాకా తాగేస్తాడు, అందులో సగం రాత్రి నిద్రలో సీసాతోనే. ముద్ద నోట్లో పెడితే మాత్రం ఉమ్మేస్తాడు. పాలు తాగుతున్నాడు కదా, బలానికి లోటేముంది అంటారు ఇంట్లో. ఈమధ్య పాలిపోయినట్టున్నాడు, మలబద్ధకం కూడా ఉంది.

జవాబు: తిండి తినడు కాబట్టి పాలు పడుతున్నామని మీరనుకుంటున్నారు, కానీ చాలా ఇళ్లలో జరిగేది దానికి తిరగేసి ఉంటుంది. ఆ వయసు పిల్లాడికి రోజు మొత్తానికి వెయ్యి కేలరీలు, కాస్త అటూ ఇటూగా సరిపోతాయి. లీటరు పాలలోనే 600 పైన ఉంటాయి. బొజ్జ నిండా పాలుంటే ముద్దకి చోటెక్కడిది చెప్పండి!

ఇక పాలిపోవడం. పాలలో కాల్షియం దండిగా ఉంటుంది, ఐరన్ దాదాపు లేనట్టే. పైగా ఆ కాల్షియమే మిగతా తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా కొంత అడ్డుపడుతుంది. అందుకే పాల మీదే పెరిగే పిల్లలు బొద్దుగా కనిపిస్తూనే రక్తహీనతలోకి జారిపోతారు, బొద్దుగా ఉన్నాడు కదా అని ఎవరికీ అనుమానం రాదు. పిల్లల డాక్టర్‌కి చూపించి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలు చేయించండి. ఈలోపు మీ అంతట మీరు ఐరన్ సిరప్ మొదలుపెట్టకండి, మోతాదు మించితే పసిపిల్లలకి ప్రమాదం.

పాలు మొత్తం మానిపించక్కర్లేదు. ఓ వారం పది రోజుల్లో మెల్లగా అరలీటరులోపుకి తీసుకురండి. ముందు తీసేయాల్సింది రాత్రి సీసా, నిద్రలో నోట్లో నిలిచే పాలు పళ్లని పుచ్చిస్తాయి కూడా. పగలు కప్పుతో పట్టండి, అదీ తిన్న తర్వాతే. మొదటి నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేస్తాడు, ఇంట్లో పెద్దవాళ్లు కరిగిపోయి సీసా అందిస్తారు, ఆ నాలుగు రోజులు గట్టిగా ఉంటే ఆకలి తన పని తను చేస్తుంది. పాలు తగ్గితే మలబద్ధకం కూడా చాలామందికి సర్దుకుంటుంది.

అన్నట్టు, ఏడాది నిండని బిడ్డలున్నవాళ్లకి ఒక మాట: ఆ వయసులో తల్లిపాలకి బదులుగా మామూలు పాలు పట్టకూడదు. ఐరన్ చాలదు, అందులోని ప్రొటీన్, లవణాలు లేత కిడ్నీలకి భారం.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు. పాలు చూస్తేనే వాంతి వచ్చినట్టు మొహం పెడుతుంది. చాక్లెట్ పొడి కలిపితే తాగుతుంది. రోజూ పొద్దున్నే ఇదే యుద్ధం, నాకు టెన్షన్.

జవాబు: యుద్ధం ఆపేయండి. ఆమెకి కావలసింది కాల్షియం, గ్లాసు కాదు. ఏడేళ్లకి రోజుకి ఎంత కావాలన్నది ఒక్కో దేశం ఒక్కోలా చెబుతుంది, 550 మిల్లీగ్రాముల నుంచి 1000 దాకా. పావులీటరు పాలలో సుమారు 300 ఉంటుంది, ఓ కప్పు పెరుగులోనూ దాదాపు అంతే. గట్టి ఛీజ్ 30 గ్రాముల ముక్కలో 200 వస్తుంది, కాకపోతే ఉప్పు ఎక్కువ. పెరుగు తింటుందా? అయితే సగం సమస్య తీరినట్టే. నువ్వులు, బాదం, కాల్షియంతో విరిచిన టోఫు (సోయా పాల పనీర్), ముల్లుతో సహా తినే చిన్న చేపలు కూడా లెక్కలోకి వస్తాయి.

పాలకూర మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోకండి. కాల్షియం ఉంది, కానీ అందులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి చేరేది 5 శాతం చిల్లర. పాలలోదైతే 30 శాతం దాకా చేరుతుంది. పాలకూర వేరే గుణాల కోసం తినండి.

చాక్లెట్ పొడి సంగతా? డబ్బా వెనక చక్కెర ఎంతుందో ఒకసారి చదవండి, మీకే తెలుస్తుంది. ఇంకొకటి, పాలు తాగాక కడుపునొప్పి, ఉబ్బరం వస్తున్నాయేమో కూడా అడగండి. కొందరు పిల్లలకి లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, అరగదు, చెప్పడం రాక మొహం తిప్పేస్తారు. అలాంటివాళ్లకి కూడా పెరుగు చాలావరకు పడుతుంది. అదే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం అయితే అది అలర్జీ, అప్పుడు పాలూ పెరుగూ రెండూ ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: మామూలు పాలకి బదులు బాదం పాలు ఇవ్వొచ్చా?

జవాబు: రుచికి ఇవ్వండి, బదులుగా వద్దు. ప్యాకెట్ బాదం పాలలో ఎక్కువ భాగం నీళ్లే, ప్రొటీన్ చాలా తక్కువ. తప్పనిసరి అయితే కాల్షియం, విటమిన్ డి కలిపిన, చక్కెర వేయని సోయా పాలు దగ్గరగా వస్తాయి. ప్యాకెట్ బాగా కుదిపి పొయ్యండి, కలిపిన కాల్షియం అడుక్కి దిగిపోతుంది.

ప్రశ్న: మా పాపకి పన్నెండేళ్లు. పాలు, పెరుగు అస్సలు ముట్టదు. రక్తపరీక్షలో కాల్షియం నార్మల్ వచ్చింది. ఇక దిగులు లేదు కదా?

జవాబు: ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకండి. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో ఉండేది చిటికెడు, గుండె కొట్టుకోవడానికి అది తగ్గకూడదు కాబట్టి, తిండిలో రాకపోతే శరీరం ఎముకల్లోంచి లాగి మరీ ఆ లెక్క సరిచేస్తుంది. రిపోర్టు బాగుంటుంది, ఎముక నష్టపోతుంది. పాప వయసు కూడా అలాంటిదే: బాగా పొడవు పెరిగే ఆ రెండు మూడేళ్లలోనే పెద్దయ్యాక ఉండే ఎముక బలంలో దాదాపు పావు వంతు చేరుతుంది. ఈ వయసుకి రోజుకి 1000 నుంచి 1300 మిల్లీగ్రాములు కావాలని చాలా దేశాలు చెబుతున్నాయి.

విటమిన్ డి చూపించారా? అది లేకపోతే తిన్న కాల్షియం కూడా సరిగా పట్టదు. పరుగులు, గెంతులు ఉండే ఆటలు ఎముకకి మేలు చేస్తాయి. తిండితో కుదరక డాక్టర్ మాత్రలు రాస్తే, ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా విడదీసి వేయండి, ఐరన్ మాత్ర కూడా ఉంటే రెంటికీ మధ్య ఓ రెండు గంటలు ఎడం ఉంచండి.